సిగ్గరి దొరికిన చోటు

కత్తెరమ్మ అసలు పేరు వీధిలో సగంమందికి తెలియదు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక నిలువుటద్దం, గోడ నిండా రంగురంగుల దారపు కండెలు పెట్టుకుని ఏళ్ళ తరబడి బట్టలు కుడుతోంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆవిడ అనుకుంటుంది. నాలుక పదును చూసి పెట్టామని వీధివాళ్ళు అనుకుంటారు. రెండూ అబద్ధం కాదు.

ఆవిడకున్నది ఒక్కతే కూతురు. పెళ్ళయ్యాక కూతురూ అల్లుడూ పైవాటాలోనే కాపురం పెట్టారు. అల్లుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు, స్కానింగులు తీసే ఉద్యోగం చేస్తాడు. నెమ్మదస్తుడు. అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా అడిగినంతకే జవాబు. అత్తగారి ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవడం కూడా ఎవరూ చూడలేదు. "భోంచేశారా అల్లుడుగారూ" అని ఆవిడ, "చేశానండి అత్తయ్యగారూ" అని అతను. ఒకే కప్పు కింద ఉంటున్నా వాళ్ళిద్దరి మధ్య మాటల మూట అంతకంటే విడలేదు.

అతనికున్న పిచ్చి ఒక్కటే. వారమంతా ఎముకల ఫొటోలు తీస్తాడు, సెలవు దొరికితే పిట్టల ఫొటోలు తీయడానికి పోతాడు. తెల్లవారకముందే సంచీ భుజాన వేసుకుని పోయి, చీకటిపడ్డాక మోకాళ్ళదాకా బురదతో తిరిగొస్తాడు.

కూతురికి అదేం కష్టంగా లేదు. తల్లికే లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉండేది. కారణం లేకపోలేదు. ఆవిడ అక్కమొగుడు మందుల కంపెనీ ఏజెంటుగా ఊళ్ళు తిరిగేవాడు. ఆయనా ఇలాగే నెమ్మదస్తుడు, ఇలాగే నోట్లో నాలుక లేనివాడు. ఆ తిరుగుడులో ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం నడుపుతున్న సంగతి అక్కకి తెలిసేసరికి అక్కడి పిల్లలు బడికి కూడా పోతున్నారు. అప్పట్నుంచి, సంచీ సర్దుకుని బయల్దేరే మగవాడిని చూస్తే కత్తెరమ్మకి అనుమానమే. పిట్టల పేరు చెప్పి ఏ పిట్ట వెంట తిరుగుతున్నాడో ఎవడు చూడొచ్చాడు? పైకి అనలేదు. అంటే కూతురు నొచ్చుకుంటుంది. అనకపోతే తనకి నిద్ర పట్టదు.

అలా ఉండగా ఒక సాయంత్రం ఆవిడ కిటికీ పక్క మిషను మీద గౌను అంచు కుడుతోంది. బయట మెట్ల మలుపులో నిలబడి అల్లుడు ఫోనులో మాట్లాడుతున్నాడు. ఎన్నడూ లేనిది గొంతులో హుషారు.

"సిగ్గరి వచ్చిందా? ఎప్పుడు?" అన్నాడు.

కత్తెరమ్మ కాలు మిషను మీద నెమ్మదించింది.

తర్వాత అతను "ఒక్కటేనా" అన్నాడో, "ఒక్కతేనా" అన్నాడో మిషను చప్పుడులో సరిగ్గా తెలియలేదు. ఆవిడ చెవికి మాత్రం ఒక్కతేనా అనే వినిపించింది.

"ఎవరికీ చెప్పకండి. తెలిస్తే జనం ఎగబడతారు. దాన్ని కంగారు పెట్టొద్దు. నేనొచ్చేదాకా అక్కడే ఉండేట్టు చూడండి చాలు."

గౌను అంచు వంకరపోయింది. మర్నాడు ఆ కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టుకుంది.

ప్రయాణం ఆ వారాంతానికే. భార్యాభర్తలిద్దరూ వెళ్ళాలనుకున్నారు. అడవీ చిత్తడినేలలూ కలిసే చోటు అది. ఆ లోపలి పాయల్లోకి ఏడాదిలో కొద్దిరోజులే పడవలు వదులుతారు. ఇద్దరు సందర్శకులు లేనిదే పడవ కదలకూడదని నియమం. అల్లుడు ఆ అనుమతి కోసం అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ ఉన్నాడు, ఇప్పటికి దక్కింది. తీరా బయల్దేరే ముందురోజు కూతురు మేడమెట్ల మీద కాలు మడతపడి కూర్చుంది. చీలమండ బూరెలా ఉబ్బింది. స్వయంగా మొగుడే ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు గానీ కాలు కింద పెట్టొద్దని చెప్పాడు.

"నువ్వెళ్ళమ్మా ఆయనతో," అంది కూతురు, కాలు దిండు మీద పెట్టుకుని.

"నేనా? పిట్టల్ని చూడ్డానికా? మన పిట్టగోడ మీద కాకుల్ని రోజూ చూస్తూనే ఉన్నాగా."

"ఎన్నాళ్ళనించో ఎదురుచూస్తున్నాడు. రెండో మనిషి లేకపోతే పడవ తియ్యరట. మానేస్తానంటున్నాడు గానీ మొహం చూడలేకపోతున్నా."

"అల్లుడుగారూ నేనూ ఒకే పడవలోనా? ఆయన సిగ్గుతో నీళ్ళలో దూకేస్తాడే."

"సిగ్గు ఆయనకా, నీకా?"

కత్తెరమ్మ ఇంకో రెండు సాకులు చెప్పబోయి ఆగిపోయింది. ఎవతో ఆ సిగ్గరి, ఎదురుగా వెళ్ళి మొహం చూసి రావచ్చు కదా అని తోచింది. చూశాక ఏం చెయ్యాలన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు.

"సరే. పక్కింటావిడతో చెప్పి నీకు తోడు పడుకోమంటాను," అంది.

అత్తగారు వస్తోందని తెలిసి అల్లుడు, "ఎండ ఎక్కువుంటుందండి, టోపీ ఒకటి తెచ్చుకోండి," అన్నాడు. అంతే.

దారంతా బస్సులో ఆవిడ కిటికీ వైపు, అతను నడవా వైపు. మధ్యలో కెమెరా సంచీ, పెళ్ళిపెద్దలా. చివరి స్టాపులో దిగి, ఎర్రమట్టి దారి వెంట కాస్త నడిస్తే నీళ్ళ అంచున కర్రస్తంభాల మీద కట్టిన బస కనిపించింది. రేకుల కప్పు, ఎదురెదురుగా రెండు గదులు, వరండాలో వరసగా బోర్లించిన రబ్బరు బూట్లు, తాడు మీద ఆరేసిన లైఫ్ జాకెట్లు. ఇంటి వెనక అడవి, ముందు కనుచూపుమేర తుంగ, తామరాకులు, నీళ్ళు.

మెట్ల మీద కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్న ఒకావిడ వీళ్ళని చూసి లేచింది. నెరిసిన జుట్టు, ఎండకు కమిలిన భుజాలు, మగవాడి చొక్కా. పడవ నడిపేది ఆవిడే.

"రండి సారూ రండి. సిగ్గరి మీ కోసమే కూర్చుంది," అంది నవ్వుతూ.

కత్తెరమ్మ చేతిలో సంచీ గట్టిగా పట్టుకుంది. ఇంత బాహాటమా? అత్తగారి ముందే?

"ఎక్కడుంది?" అన్నాడు అల్లుడు.

"ఆ వంపు దగ్గరే. పొద్దున నేను చూసేసరికి రొయ్యపిల్లల్ని దండిగా తిని, దుంగ మీదెక్కి రెక్కలు ఆరబెట్టుకుంటోంది."

రెక్కలు.

కత్తెరమ్మ మెట్టు మీద కూలబడింది. అల్లుడు కంగారుపడి, "ఏమైందండి? కళ్ళు తిరిగాయా?" అన్నాడు.

"ఏం లేదు. సిగ్గరంటే పిట్టా?"

"పిట్టేనండి. మనుషుల్ని చూస్తే దాక్కుంటుందని ఇక్కడివాళ్ళు ఆ పేరు పెట్టారు. మీరేమనుకున్నారు?"

"నేనూ పిట్టే అనుకున్నా," అంది ఆవిడ. ఇన్నాళ్ళుగా గుండె మీద పడి ఉన్న బండరాయిని ఎవరో దొర్లించేసినట్టయింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ చేతిరుమాల్లో తుడిచేసుకుని, చెమట అంది.

ఆ సాయంత్రం అతను బస వెనక అడవిదారిలోకి తీసుకెళ్ళాడు. జలగలు పాకకుండా ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకున్నాడు, ఆవిడకీ ఒక జత పొడుగు మేజోళ్ళిచ్చాడు. అడవిలో అల్లుణ్ణి చూసి కత్తెరమ్మ ఆశ్చర్యపోయింది. ఇంట్లో తలుపు మూల నక్కి నిలబడే మనిషి ఇక్కడ సొంతింట్లో తిరుగుతున్నట్టున్నాడు. చేత్తో ఆగమన్నట్టు చూపిస్తాడు. చెట్టుమాను తొర్రలో కూర్చున్న గుడ్లగూబని ఆవిడకి కనపడేదాకా విసుక్కోకుండా, "ఆ వంకర కొమ్మ, దాని కింద నల్లమచ్చ, మచ్చ పక్కన రెండు కళ్ళు," అని చెబుతూనే ఉంటాడు. తలమీంచి ఏదో పెద్ద పక్షి ఎగిరిపోతే రెక్కల చప్పుడు తాటాకు విసనకర్రతో విసిరినట్టు వినిపించింది. ఆ పక్షి ఆడది తొర్రలో గుడ్ల మీద కూర్చుని మట్టితో ద్వారం మూసుకుంటుందనీ, మగది బయటి సందులోంచి తిండి అందిస్తుందనీ అతను చెప్పాడు.

"ఎన్నాళ్ళు?"

"పిల్లలు ఎదిగేదాకానండి."

"మధ్యలో ఎటూ పోడా?"

"పోతే ఆడది బతకదండి."

ఆ రాత్రి కత్తెరమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది.

తెల్లవారుజామున వరండాలోకి వచ్చేసరికి పడవామె కిరసనాయిలు పొయ్యి మీద టీ కాచి ఉంచింది. మనసు తేలికపడితే దాహం కూడా ఎక్కువవుతుంది కాబోలు. చల్లగాలి, ఎదురుగా పొగమంచులో తామరాకులు, చేతిలో వేడివేడి టీ. ఒక గ్లాసు తాగింది. బాగుందంటే పడవామె ఇంకోటి పోసింది. అది అయ్యాక, అడుగున మిగిలింది పారబొయ్యడం ఎందుకని అదీ తాగింది. ఆ మూడో గ్లాసు తాగకుండా ఉంటే ఈ కథే లేదు.

పడవ సన్నగా, పొడుగ్గా ఉంది. ముందు కత్తెరమ్మ, మధ్యలో కెమెరా స్టాండుతో అల్లుడు, వెనక గెడ పట్టుకుని పడవామె. పాయలోకి తిరగ్గానే మోటారు ఆపేసింది. "ఇక్కణ్ణించి మాటలుండకూడదు," అని అల్లుడు గుసగుసగా చెప్పాడు.

చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. నీటికాకులు మోళ్ళ మీద రెక్కలు చాచి, ఆరేసిన గొడుగుల్లా నిలబడ్డాయి. తామరాకుల మీద పొడుగు వేళ్ళ పిట్టలు, కాలు తడవకుండా నడిచిపోతున్నాయి. లకుముకి ఒకటి నీళ్ళలోకి బాణంలా దూకి చేపతో లేచింది. దాని వీపు మీది నీలం చూసి, ఇంత నీలం దారం ఏ కంపెనీవాడూ చెయ్యలేడని కత్తెరమ్మ అనుకుంది. అల్లుడు ఒక్కోసారి భుజం మీద మెల్లగా తట్టి ఇంకో వైపు చూపిస్తున్నాడు. అలా తట్టడం తనకి కొత్త. అతనికీ కొత్తే, కానీ గమనించలేదు.

ఎండెక్కింది. అప్పుడు మొదలైంది ఇబ్బంది.

మొదట చిన్నగానే ఉంది. కాళ్ళు ఇటు మార్చి కూర్చుంది. తర్వాత అటు మార్చింది. ఎక్కడ చూసినా నీళ్ళే, ఆ నీళ్ళు గలగలమంటుంటే ఇంకా కష్టంగా ఉంది. పడవామె చెవిలో చెబుదామంటే ఆవిడ ఆ చివర ఉంది, మధ్యలో అల్లుడు కూర్చున్నాడు. వినపడేలా చెబితే అతనికీ వినపడుతుంది. చావనైనా చస్తుంది గానీ అల్లుడితో ఆ మాట చెప్పగలదా? సీసాలో నీళ్ళిస్తే వద్దని తల ఊపింది. గొంతు ఎండిపోతోంది, తాగితే ఇంకేమన్నా ఉందా? ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని పెద్దలు చెప్పారు గానీ, ఈ అవస్థ గురించి ఒక్క సామెతా చెప్పకుండా పోయారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, పడవ అంచు పట్టుకుని కూర్చుంది. ఎండకి, బిగబట్టడానికి కళ్ళముందు మిణుగురులు తిరగడం మొదలుపెట్టాయి.

పాయ వంపు తిరగ్గానే పడవామె గెడ నేలకి గుచ్చి పడవ ఆపింది. గడ్డం పైకెత్తి చూపించింది.

వంగిన కొమ్మల చాటున, దుంగ వెనక, ఏదో కదిలింది. గోధుమరంగు మెడ, ఒక క్షణం. మళ్ళీ ఆకుల వెనక్కి పోయింది. అల్లుడి చేతులు లెన్సు మీద బిగుసుకున్నాయి. ఊపిరి కూడా ఆపినట్టున్నాడు.

"బయటికొస్తుంది," అంది పడవామె పెదవుల కదలికతోనే. "ఆగాలి."

ఆగడం. ఆ మాట వినేసరికి కత్తెరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ సంతోషం పంచుకుందామని అల్లుడు అత్తగారి వైపు తిరిగాడు. పెదవుల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆవిడ మొహం తేరిపార చూశాడు. పాలిపోయిన బుగ్గలు, బిగించిన దవడ, పడవ అంచు మీద తెల్లబడ్డ వేళ్ళు. తర్వాత లెన్సుకి మూత పెట్టేశాడు.

"పడవ ఒడ్డుకి పోనివ్వండి," అన్నాడు, మామూలు గొంతుతో.

పడవామె నమ్మలేనట్టు చూసింది. "ఇప్పుడు కదిల్తే లేచిపోతుంది సారూ. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?"

"పోతే పోనివ్వండి. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి."

గెడ కదిలింది. ఆకుల వెనక రెక్కల చప్పుడు వినిపించి, ఆగిపోయింది. కత్తెరమ్మకి గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ నిమిషంలో అర్థమైంది. ఎన్నాళ్ళో కాచుకున్న పిట్ట తన మూలానే పోయింది.

"అల్లుడుగారూ, నా కోసం..." అనబోయింది.

"మాట్లాడకండి. వచ్చేశాం."

ఒడ్డు అంటే పేరుకే ఒడ్డు. బోసిగా ఒక ఇసుకదిబ్బ, దాని వెనక మనిషెత్తు గడ్డి. "గడ్డిలోకి మాత్రం పోవద్దు, పాములుంటాయి," అంది పడవామె. ఇసుక మీద చాటివ్వడానికి చిన్న పొద కూడా లేదు. అల్లుడు సంచీలోంచి చుట్టచుట్టిన గుడ్డ ఒకటి తీసి విదిలించాడు. లోపలి కమ్మీలు విచ్చుకుని అది చిన్న డేరాలా నిలబడింది. ఆకుల బొమ్మలున్న ముదురాకుపచ్చ గుడ్డ. పిట్టలకి కనపడకుండా ఫొటోగ్రాఫర్లు దాక్కునేది. దాన్ని దిబ్బ చివర నిలబెట్టి, చిన్న పారతో లోపల ఒక మూల గుంట తవ్వి, పార అక్కడే ఉంచి బయటికొచ్చాడు. నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు.

"అత్తయ్యగారూ, మా స్కానింగు గది బయట బెంచీ ఉంటుంది. నీళ్ళు తాగి బిగబట్టుకోమని చెప్పి ఆడవాళ్ళని రోజూ అక్కడ కూర్చోబెడతాం. ఆ మొహం నాకు బాగా తెలుసు. ముందే చూడకపోవడం నా తప్పు. జిప్పు లోపల్నించి పడుతుంది. మేం పడవ అవతల ఉంటాం, తొందరేం లేదు."

ఆవిడ తలవంచుకుని డేరాలోకి దూరి జిప్పు లాగేసుకుంది.

ఆ తర్వాత ఆవిడ పొందిన సుఖాన్ని ఎవరి అనుభవంతో వాళ్ళు ఊహించుకోవలసిందే. బతుకులో చాలా బరువులు దించుకుంది గానీ, ఇంత త్వరగా, ఇంత పూర్తిగా దిగిన బరువు ఇంకోటి లేదు. పారతో ఇసుక కప్పి, పైన ఇంకాస్త కప్పి, బట్టలు సర్దుకుని, అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఒక్క క్షణం అలా కూర్చుండిపోయింది. డేరా లోపల పచ్చటి మసకవెలుతురు. చల్లగా ఉంది. ఎదురుగా, లెన్సు బయటికి పెట్టడానికి కత్తిరించిన అడ్డసందు. కళ్ళు తుడుచుకుని అందులోంచి బయటికి చూసింది.

సిగ్గరి అక్కడే ఉంది.

దిబ్బ అవతల, సన్నటి నీటిపాయ పక్కన, వాలిన మాను మీద. మనుషులు కనపడకపోయేసరికి ఎటో ఒక చుట్టు చుట్టి అక్కడే దిగినట్టుంది. చూడ్డానికేం లేదు, ఎండుటాకులు కుట్టి బొమ్మ చేసినట్టు మట్టిరంగు, బూడిదరంగు. పొడుగు మెడ, సన్నటి కాళ్ళు. ఒక్కో అడుగూ చూసిచూసి వేస్తోంది, కొత్త కోడలు నట్టింట్లో నడిచినట్టు. దీని కోసమా ఇంత తాపత్రయం, అనుకుంది కత్తెరమ్మ.

అంతలో ఎండ పడే చోటికొచ్చి అది రెక్కలు విప్పింది.

కత్తెరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముతక ఉన్నికోటు గుండీలు విప్పితే లోపల పట్టు లైనింగు బయటపడ్డట్టుంది. నారింజ, పసుపు, నలుపు, తెలుపు, ఒక రంగు పక్కన ఇంకో రంగు గీత తప్పకుండా కుట్టినట్టు, రెండు రెక్కల మీదా ఒకే కొలత. రెండు పెద్ద సూర్యుళ్ళు తనవైపు చూస్తున్నట్టున్నాయి. ఇంత పనితనం చేసి ఎవరూ చూడకుండా లోపలివైపు ఎందుకు పెట్టుకుందో.

పిలవాలి. పిలిస్తే ఎగిరిపోతుంది. లేచి వెళ్ళాలన్నా జిప్పు చప్పుడవుతుంది. కత్తెరమ్మ వెనకవైపు జిప్పు పట్టుకుని, పట్టుగుడ్డ మీద తప్పుకుట్టు విప్పేటప్పుడు పోగు లేవకుండా ఎలా విప్పుతుందో అలా, ఒక్కో పన్నూ విప్పుకుంటూ వచ్చింది. పట్టేంత సందు కాగానే వెనక్కి జారి, ఇసుకలో చేతులూ మోకాళ్ళూ ఆన్చి పడవ దాకా పాకింది. ఆ వయసులో, అల్లుడి ఎదురుగా.

పడవ చాటున కూర్చున్న అతను ఆవిడ పాకుతూ రావడం చూసి హడలిపోయి లేవబోయాడు. చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"ఉంది," అంది చెవిలో.

"ఏది?"

"నీ సిగ్గరి. ఎదురుగా, మాను మీద. రెక్కలు విప్పుకుని కూర్చుంది. ఆ డేరా సందులోంచి చేత్తో పట్టుకునేంత దగ్గర. పద."

అతను కెమెరా తీసుకుని రెండడుగులు పాకాడు. అప్పుడు ఆవిడకి వెలిగింది, అతను పోయేది ఎక్కడికో. మళ్ళీ చొక్కా పట్టుకుంది.

"లోపలికొద్దు బాబూ."

"ఏం?"

"ఏమంటే ఏం చెప్పను... ఇందాకే కదా నేను..."

"ఇసుక కప్పారా?"

"కప్పాను. రెండుసార్లు."

"ఇంకేం మరి," అన్నాడు, పాకిపోయాడు.

కత్తెరమ్మ పడవకి చేరగిలబడి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. పడవామె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు రాకుండా నవ్వడానికి లైఫ్ జాకెట్టు అంచు నోట్లో కుక్కుకుంది. అది చూసి కత్తెరమ్మకీ ఆగలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పిట్టకి వినపడకుండా, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. డేరాలోంచి మెత్తగా, ఎడతెగకుండా కెమెరా చప్పుడు వినిపిస్తూ ఉంది.

చాలాసేపటికి ఆ చప్పుడాగింది. నీళ్ళ మీదుగా ఒక నీడ తేలిపోయి అడవిలో కలిసింది. అల్లుడు డేరాలోంచి బయటికొచ్చి, నిలబడలేనట్టు ఇసుకలోనే కూర్చున్నాడు. జుట్టు నిండా చెమట, మోచేతులకి ఇసుక. కెమెరా వెనక తెర అత్తగారి వైపు తిప్పాడు. ఆవిడ కెమెరా చేతిలోకి తీసుకుంది. ఆ చిన్న తెర మీద రెండు రెక్కలూ నిండుగా విప్పుకుని సిగ్గరి.

"లైనింగు బాగా పడింది," అంది.

అతను అర్థంకాక చూసి, అర్థమయ్యాక నవ్వాడు. కూతురి పెళ్ళయ్యాక అల్లుడి పళ్ళన్నీ ఒక్కసారిగా చూడ్డం అదే మొదలు.

"నేను పోయిందే అనుకున్నానండి."

"నువ్వు పోతే పోనీ అన్నావుగా."

"అన్నాను. అప్పుడు మీరు పడిపోతారేమోనని భయమేసింది." ఆగి, "ఇంకెప్పుడూ అలా బిగబట్టకండి. చెప్పండి. నాకు సిగ్గేం లేదు," అన్నాడు.

"నాకుంది కదయ్యా," అంది. అంటూనే గమనించింది, ఇందాకట్నుంచీ నువ్వు అంటోందని. నాలుక కరుచుకుంది. అతను ఏమీ అనుకున్నట్టు లేడు. నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చాడు. గటగటా తాగేసింది.

తిరుగుదారిలో డేరా కడుక్కోవడానికి పాయలో ఒకచోట ఆగారు. అతను ఒక చివర, ఆవిడ ఒక చివర పట్టుకుని నీళ్ళలో జాడించి, దుప్పటి పిండినట్టు పిండారు. కుట్లు ఒకచోట సడలి ఉన్నాయని ఆవిడ కనిపెట్టింది. అది కుట్టినవాడెవడోగానీ వాడికి దారం మీద కనికరం లేదంది.

బస దగ్గరకొచ్చేసరికి ఫోనుకి సిగ్నలు అందింది. కూతురు అప్పటికే ఎన్నోసార్లు చేసి ఉంది. అల్లుడు స్పీకరు పెట్టి వరండా బల్ల మీద ఉంచాడు.

"దొరికిందా?" అంది కూతురు, హలో కూడా అనకుండా.

"దొరికింది. రెక్కలు విప్పిన ఫొటో. అంత దగ్గర్నించి తియ్యగలనని నేననుకోలేదు."

"అమ్మ ఇబ్బంది పెట్టిందా?"

"లేదు. అసలు చూపించిందే అత్తయ్యగారు."

"అమ్మా? ఎక్కణ్ణించి చూసింది? ఎలా?"

పడవామె గెడ తుడుస్తూ తలవంచుకుంది. కత్తెరమ్మ ఫోను వైపు, అల్లుడి వైపు చూసింది. ఇక్కడినించి ఇంటికీ, ఇంటినించి పక్కింటికీ, పక్కింటినించి వీధి చివరి దాకా ఆ కథ ఎంత సులువుగా నడిచిపోతుందో ఆవిడకి తెలుసు. వీధిలో చాలా కథల్ని ఆవిడే నడిపించింది.

"ఒడ్డు మీద డేరా వేశాం," అన్నాడు అల్లుడు, ఎక్స్‌రే రిపోర్టు చదివినంత మామూలుగా. "అత్తయ్యగారు అందులో కదలకుండా కూర్చున్నారు. మనలో ఒక్కరికీ అంత ఓపిక లేదు."

"మా అమ్మకా? ఓపికా?"

"చాలా ఓపికే, నీకు తెలీదు."

పడవామెకి దగ్గొచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కత్తెరమ్మ గొంతు సవరించుకుని, "కాలి వాపు తగ్గిందా లేదా, ముందది చెప్పు," అని కూతుర్ని గదమాయించింది. తగ్గిందంది కూతురు. పక్కింటావిడ రాత్రంతా గురక పెట్టిందనీ, తనకి నిద్రే లేదనీ చాలాసేపు చెప్పుకొచ్చింది. అల్లుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఫొటోలు ఒక్కొక్కటీ ముందుకీ వెనక్కీ జరుపుతూ వింటున్నాడు.

ఫోను పెట్టేశాక ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళింది. మొహం కడుక్కుని, ఫ్యాను వేసుకుని, మంచం మీద నడుం వాల్చింది. కిటికీలోంచి నీళ్ళ వాసన వస్తోంది. ఒక్క గంట పడుకుని లేద్దామనుకుంది. భోజనానికి అల్లుడొచ్చి తలుపు తట్టి, "అత్తయ్యా," అని రెండుసార్లు పిలిచినా మెలకువ రాలేదు. అన్నం పళ్ళెం మీద మూతపెట్టి తలుపు పక్కన ఉంచి వెళ్ళిపోయాడు.